ఇంజనీరింగు పట్టాకు కావలసినవి

మన తీరప్రాంతమున ఇంటర్మీడియటులో గణితము తీసికొన్న ప్రతి విద్యార్థి నోటను నేడు వినవచ్చు మాట కంప్యూటరు ఇంజనీరింగు. తల్లిదండ్రుల కోరికయు అదియే. బందరు కోనేరు సెంటరులో గాని, గుడివాడ రైల్వే స్టేషనులో గాని, అవనిగడ్డ బస్టాండులో గాని నలుగురు తండ్రులు కలిసినచో ఏ కళాశాలలో సీటు వచ్చును, ఎంత ర్యాంకు కావలెను అన్న ప్రసంగమే సాగును. సీటు వచ్చిన పిమ్మట పట్టా చేతికి అందుటకు ఏమేమి నెరవేర్చవలెనని అడుగువారు మాత్రము అరుదు. ఈ రెండవ ప్రశ్నకు మాకు తెలిసినంతవరకు సమాధానము చెప్పవలెనని ఈ వ్యాసమునకు పూనుకొన్నాము.

మేము ముగ్గురము ఈ కళాశాల పూర్వవిద్యార్థులము. ఒకరిది బందరు, ఒకరిది గుడివాడ, ఒకరిది దివిసీమలో నాగాయలంక దాపున ఒక పల్లె. ఇద్దరి ఇండ్లలో ఉర్దూ, ఒకరి ఇంట తెలుగు. ప్రస్తుతము కంప్యూటరు ఇంజనీరింగు నాలుగవ సంవత్సరము చదువుచున్నాము. పండితులము కాము, ముందు నడచినవారము మాత్రమే. రేవు దాటినవాడు లోతు ఎక్కడ ఉన్నదో చెప్పుట ధర్మమని భావించి వ్రాయుచున్నాము.

మొదట ప్రవేశము మాట. ఇంటర్మీడియటులో గణితము, భౌతికశాస్త్రము, రసాయనశాస్త్రము చదివి, ఆ విషయములలో 45 శాతము, రిజర్వేషను గల వర్గములవారు 40 శాతము మార్కులు పొందియుండవలెను. పిమ్మట ప్రవేశపరీక్ష. 1986లో ఎంసెట్ పేరున మొదలైన ఈ పరీక్షకు మన రాష్ట్రమున 2021 నుండి ఈఏపీసెట్ అని పేరు. 3 గంటలలో 160 ప్రశ్నలు. అందులో 80 గణితమునకే చెందును. పాలిటెక్నిక్ డిప్లొమా చేసినవారు ఈసెట్ వ్రాసి నేరుగా రెండవ సంవత్సరమున చేరవచ్చును. ఈ సంగతులు దాదాపు అందరికిని తెలిసినవే.

విచిత్రమేమనగా, ద్వారము దాటిన తరువాతను మనకు ఎదురగు సంఖ్య 160 యే. ద్వారము వద్ద 160 ప్రశ్నలకు 3 గంటలు. లోపల 160 క్రెడిట్లకు 4 సంవత్సరములు. అఖిల భారత సాంకేతిక విద్యా మండలి 2018లో ప్రకటించిన నమూనా పాఠ్యప్రణాళిక ఈ సంఖ్యనే సూచించినది. జె.ఎన్.టి.యు. కాకినాడ 2020, 2023 సంవత్సరముల నిబంధనలలోను పట్టాకు కావలసినవి 160 క్రెడిట్లే.

ఈ క్రెడిట్ అన్న మాట మా ఇండ్లలో చిన్న కలకలము రేపినది. మాలో ఒకరి తండ్రిగారికి బట్టల దుకాణము కలదు. ఆయనకు క్రెడిట్ అనగా ఉద్దర. “నాలుగేండ్లలో 160 ఉద్దరలా? ఎవరు తీర్చవలెను, బేటా?” అని అడిగినారు. 1923లో ఆంధ్రా బ్యాంకు పుట్టిన ఊరిలో ఆ మాటకు ఆ అర్థము తోచుట సహజమే. ఆయనకు మేము చెప్పిన అర్థము ఇది: వారమునకు ఒక గంట పాఠము చొప్పున సెమిస్టరు అంతయు విని, పరీక్ష నెగ్గినచో ఒక క్రెడిట్, ప్రయోగశాలలో ఒక గంటకు అర క్రెడిట్. అనగా 3 గంటల ప్రయోగమునకు ఒకటిన్నర. ఇది అప్పు కాదు, జమ. ఒకసారి జమయైనది మరల పోదు. ఏ విషయమున తప్పినను ఆ విషయపు క్రెడిట్లు మాత్రమే నిలిచిపోవును. వానిని మరల పరీక్ష వ్రాసి సంపాదించుకొనవలెను.

ఈ 160 ఏ ఖాతాల కింద చేరునో 2018 నాటి నమూనా సామాన్యముగా ఇట్లు చూపినది: భాష, సామాజిక శాస్త్రములు, నిర్వహణ కలిపి 12, గణితము, భౌతిక, రసాయన శాస్త్రములు 25, ఇంజనీరింగు మూలపాఠములు 24, తన శాఖకు చెందిన ప్రధాన విషయములు 48, అదే శాఖలో కోరి ఎంచుకొనునవి 18, ఇతర శాఖలనుండి ఎంచుకొనునవి 18, ప్రాజెక్టు, సెమినారు, శిక్షణ 15. శాఖను బట్టి, విశ్వవిద్యాలయమును బట్టి ఈ అంకెలు కొద్దిగా మారును. ఇవిగాక క్రెడిట్లు లేకున్నను తప్పక నెగ్గవలసిన భారత రాజ్యాంగము, పర్యావరణము వంటి పాఠములు కలవు. క్రెడిట్ లేదు గదా యని వానిని విడిచినచో పట్టా ఆగును. మన నిబంధనలలో వేసవి శిక్షణ, సామాజిక సేవా ప్రాజెక్టు కూడ చేరినవి.

ప్రధాన విషయములకు ఒక వరుస కలదు. మొదట సి భాష. దానిపై డేటా స్ట్రక్చర్లు. వానిపై ఆల్గోరిథములు, డేటాబేసులు, ఆపరేటింగు సిస్టములు. ఆపైన నెట్‌వర్కులు, కంపైలర్లు. పెడనలో కలంకారీ అద్దువారిని చూచినవారికి ఇది సులభముగా బోధపడును. గుడ్డకు ముందుగా కరక్కాయ రసము పట్టింపనిదే ఇనుము, బెల్లము ఊరవేసి తీసిన నలుపు నిలువదు. పటిక అద్దనిదే ఎరుపు అంటదు. అచ్చు ఎంత అందముగా చెక్కినను, వరుస తప్పిన రంగు కాలువనీటిలో కొట్టుకొనిపోవును. మొదటి సంవత్సరపు సి భాషను ముక్కున పట్టుకొని నెగ్గినవారికి మూడవ సంవత్సరమున జరుగునదియు అదియే.

ఇక మార్కుల లెక్క. ఒక విషయమునకు 100 మార్కులు: కళాశాల లోపలి పరీక్షలకు 30, సెమిస్టరు చివరి పరీక్షకు 70. చివరి పరీక్షలో 35 శాతము, అనగా 25 మార్కులు రావలెను. మొత్తము మీద 40 రావలెను. ఈ రెండు షరతులను కలిపి చూడవలెను. లోపలి పరీక్షలలో 15 తెచ్చుకొన్నవానికి చివర 25 చాలును. 5 మాత్రమే వచ్చినవాడు చివర 35 తెచ్చుకొనవలెను. మిడ్ పరీక్షలే గదా యని ఉపేక్షించినవాడు తన తల మీద మరి 10 మార్కుల బరువు ఎత్తుకొన్నట్లే.

అన్నిటికంటె కఠినమైన షరతు హాజరు. సెమిస్టరు మొత్తము మీద 75 శాతము ఉండవలెను. 65కు తగ్గక, అనారోగ్యము వంటి కారణమును పత్రముతో రుజువు చేసినచో మన్నింపు లభింపవచ్చును. 65కు దిగువనున్నవారికి మన్నింపు లేదు. ఆ సెమిస్టరు మరుసటి యేడు మరల చదువవలసినదే.

వినుటకు ఇది అందరికి ఒకే కొలత. కాని కృష్ణా కాలువల కింద బ్రతుకువారమగు మనకు ఒక సంగతి తెలియును. బ్యారేజి వద్ద తూము ఎత్తిన దినమున నీరు శివారు భూమికి చేరదు. ఎగువ రైతు నాట్లు ముగించు వేళకు దివిసీమ రైతు ఇంకను కాలువ వంక చూచుచుండును. నిబంధనయు అట్టిదే. కళాశాల పక్క వీధిలో నివసించు విద్యార్థికి 75 శాతము ఒక అంకె. తెల్లవారకముందు బస్సు ఎక్కు విద్యార్థికి అది మరొక అంకె. దినమునకు 7 పీరియడ్లు అనుకొందము. బస్సు ఆలస్యమై మొదటి పీరియడు ప్రతిదినము పోయినచో నూటికి 14 పోయినట్లే. జ్వరమునకు, పెండ్లికి, కార్తికమాసపు తుఫానుకు మిగులునది 11 మాత్రమే.

ఇది ఊహాలెక్క కాదు. మాతోపాటు ఇంటర్మీడియటు చదివి, పొరుగు జిల్లాలోని ఒక కళాశాలలో ఇదే శాఖలో చేరిన దివిసీమ మిత్రుడు ఒకడు కలడు. ప్రతిదినము రెండు బస్సులు మారి వెళ్లెడివాడు. మొదటి పీరియడు అతనికి దక్కెడిది కాదు. నవంబరులో వానలు, పిమ్మట అక్కగారి వివాహము, ఆపై పదిదినముల జ్వరము. సెమిస్టరు చివర లెక్కకట్టగా 64 వచ్చినది. ఒక్క శాతము! వైద్యుని పత్రము చేతనున్నను దానికి విలువ లేకపోయినది. మరుసటి యేడు మరల అదే సెమిస్టరునకు రమ్మన్నారు. ఇంటిలో ఆ యేడు గడచు మార్గము లేక అతడు సెల్‌ఫోన్లు బాగుచేయు దుకాణమున చేరినాడు. నేటివరకు మరల పోలేదు. అతడు తెలివి తక్కువవాడు కాడు. సి భాషలో పాయింటరు అనగానేమో మాకు మొదట అర్థమగునట్లు చెప్పినవాడు అతడే. “ఇంటికి పోవక్కరలేదు, పతా తెలిసిన చాలును” అన్నాడు. మొదటి నెలలోనే ఎవరైనను అతనిని కూర్చుండబెట్టి ఈ లెక్క చూపియున్నచో వసతిగృహమో, బంధువుల ఇల్లో చూచుకొనెడివాడు. అతనికి ఆ పుస్తకము చదివి వినిపించినవారు లేరు.

ఆ పుస్తకము రహస్యము కాదు. ప్రతి విశ్వవిద్యాలయము తన నిబంధనలను అచ్చువేసి అందరికి అందుబాటున ఉంచును. స్వయంప్రతిపత్తి గల కళాశాలలు తమ నిబంధనలను తామే రూపొందించుకొనును గనుక, తాము చేరిన కళాశాల పుస్తకమునే, తాము చేరిన సంవత్సరమునకు వర్తించు దానినే చూడవలెను. పై తరగతికి పోవుటకు అప్పటివరకు ఎన్ని క్రెడిట్లు ఉండవలెనో, మొత్తము చదువును ఎన్ని సంవత్సరములలో ముగింపవలెనో అందులో వ్రాసియుండును. ఇబ్బంది ఏమనగా, అది చట్టపు ఆంగ్లమున ఉండును. తెలుగు మాధ్యమమునుండి, ఉర్దూ మాధ్యమమునుండి వచ్చిన పదునెనిమిదేండ్ల బాలబాలికలు దానిని తెరచి, రెండు వాక్యములు చదివి మూసివేయుదురు.

మా మొదటి సెమిస్టరున మేము చేసినది చెప్పెదము. ఆదివారములు మూడు పూటలు కూర్చుండి ఆ నిబంధనలను ఒకరు ఆంగ్లమున చదువగా, ఒకరు తెలుగున, ఒకరు ఉర్దూలో చెప్పుకొన్నాము. అప్పుడు ఒక సంగతి గమనించినాము. దరఖాస్తు, దాఖలా, హాజరు, కాగితము, కలము: విద్యార్థి జీవితమునకు అవసరమగు ఈ మాటలన్నియు రెండు భాషల ఉమ్మడి ఆస్తి. పిమ్మట పాఠములకును ఒక నోటుపుస్తకము పెట్టినాము. స్టాక్ అనగా దొంతర. విందులో విస్తళ్లవలె చివర పెట్టినది ముందు తీయుదుము. క్యూ అనగా రేషను దుకాణము ముందు బారు, ఉర్దూలో ఖతార్. ముందు వచ్చినవానికి ముందు. పరీక్షలో వ్రాయునది ఆంగ్లముననే. కాని అర్థమగుట ఇంటి భాషలో జరిగిన పిమ్మట ఆంగ్లము అంత బరువు తోచలేదు.

మన భాషలు ఈ విద్యకు చాలవని తలంచువారికి ఒక చరిత్ర చెప్పవలెను. 1918లో హైదరాబాదున నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూను బోధనాభాషగా స్వీకరించి, అనువాదశాఖను పెట్టి పాఠ్యగ్రంథములు సిద్ధపరచి, ఇంజనీరింగును, వైద్యమును సహితము ఆ భాషలో బోధించినది. 1948 తరువాత అది ఆంగ్లమునకు మారినది. నేడు మరల కొంత గాలి ఇటు వీచుచున్నది. 2021 నుండి జె.ఇ.ఇ. మెయిన్ పరీక్షను తెలుగు, ఉర్దూలతో కలిపి 13 భాషలలో వ్రాయవచ్చును. ఆ యేడే సాంకేతిక విద్యా మండలి భారతీయ భాషలలో ఇంజనీరింగు బోధనకు కొన్ని కళాశాలలకు అనుమతి ఇచ్చినది. మేమైతే ఆంగ్లమును విడువుమని చెప్పము; ఉద్యోగమును, పై చదువును దానితో ముడిపడియున్నవి. ఆంగ్లమునకు చేరు మెట్లు మాత్రము మన భాషలతో కట్టుకొనవచ్చునని మా అనుభవము.

కళాశాల కార్యవర్గము వారికి మూడు మనవులు. మొదటిది: ప్రవేశపరీక్షకును, ఇంజనీరింగు తరగతుల ఆరంభమునకును నడుమ గల వారములలో మన విద్యార్థులను పిలిచి, ఈ నిబంధనలను తెలుగున, ఉర్దూన చదివి వినిపించు ఏర్పాటు చేయవలెను. తల్లిదండ్రులును వచ్చినచో మరింత మేలు. ముఖ్యముగా ఆడపిల్లలను దూరము పంపుటకు సందేహించు తల్లులు బస్సు లెక్క, వసతి లెక్క ముందే వినవలెను. రెండవది: చుట్టుపట్ల కళాశాలల నిబంధన పుస్తకములను మన గ్రంథాలయమున ఒక అరలో ఉంచవలెను. మూడవది: ఏ కళాశాలలో మన పూర్వవిద్యార్థులు ఎవరున్నారో ఒక పట్టిక తయారుచేసి, క్రొత్తగా చేరు ప్రతి విద్యార్థికి ఒక అన్ననో అక్కనో అప్పగింపవలెను. ఈ మూడింటికి పెద్ద ధనము అక్కరలేదు. మొదటి తరగతికి మేము ముగ్గురము రాగలము.

1843లో నోబుల్ కళాశాలను, 1910లో ఆంధ్ర జాతీయ కళాశాలను చూచిన ఊరు మనది. చదువునకు దారి చూపుట ఈ నేలకు క్రొత్త కాదు. సోదర సోదరీమణులారా! సీటు వచ్చినదని మిఠాయి పంచిన మరునాడే నిబంధన పుస్తకము తెరువుడు. అందులో 160 అన్న అంకె పక్కన 75 అన్న అంకెను ఎర్రసిరాతో వ్రాసికొనుడు. మీ ఇంటినుండి కళాశాలకు బస్సు ఎన్ని గంటలకు చేరునో దాని క్రింద వ్రాయుడు. ఆ మూడు అంకెలు ఒకదానితో ఒకటి పొసగనిచో మొదటి వారముననే పెద్దలతో చెప్పుడు.