బిల్లింగ్ గట్టు మీద దసరా సందడి

సెప్టెంబరు 15 ఎప్పుడు దాటుతుందా అని ఎదురుచూసే ఊరొకటి ఉంది. హిమాచల్ ప్రదేశ్, కాంగ్రా జిల్లాలోని బీర్. వానల మూలంగా ఆ రాష్ట్రంలో ఏటా జులై 15 నుంచి రెండు నెలలు పారాగ్లైడింగ్ నిషేధం. ఆ గడువు తీరగానే జీపుల టాపుల మీద పెద్ద పెద్ద సంచులు ఎక్కుతాయి. మూతపడ్డ టీ కొట్లు తెరుచుకుంటాయి. దేశదేశాల పైలట్లు గదులు వెతుక్కుంటూ వీధుల్లో తిరుగుతుంటారు. మన దసరా సెలవుల నాటికి సందడి ముదిరి పాకాన పడుతుంది.

అక్టోబరులో ఆ లోయ అందం చూసి తీరాల్సిందే. వానలు కడిగేసిన ఆకాశం, ఉత్తరాన గోడకట్టినట్టు ధౌలాధార్ కొండలు, కింద మెట్లు మెట్లుగా పండిన వరి. ఒక మడిలో కోతలు, పక్క మడిలో కుప్పలు, ఇంకా కిందికి టీ తోటలు. పై పచ్చికల్లో వేసవి గడిపిన గద్దీ గొర్రెల కాపరులు మందలతో కిందికి దిగే కాలం కూడా ఇదే. మంచు ముంచుకురాకముందే కనుమలు దాటి వచ్చేస్తారు. మంద రోడ్డుకు అడ్డం పడితే పైకి వెళ్ళే జీపులన్నీ ఇంజను కట్టేసి నిలబడతాయి. ఎవరూ హారన్ కొట్టరు. నాకు ఆ మర్యాద ఎంతో నచ్చింది.

బీర్ నుంచి బిల్లింగ్‌కు 14 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. దేవదారు చెట్ల మధ్య మెలికలు తిరుగుతూ జీపు ఎక్కుతుంది. పైన గట్టు మీద గడ్డి వాలు, అదే రన్‌వే. సముద్ర మట్టానికి సుమారు 2,400 మీటర్ల ఎత్తు. దిగే చోటు దానికి దాదాపు వెయ్యి మీటర్ల దిగువన, బీర్ దగ్గర క్యోర్ మైదానం. 1980లలో ఇక్కడికి మొదట వచ్చినవి హ్యాంగ్ గ్లైడర్లు, ఆ తర్వాతే పారాగ్లైడర్ల రాజ్యం. 2015 అక్టోబరులో పారాగ్లైడింగ్ ప్రపంచ కప్ పోటీ జరిగింది కూడా ఈ గట్టు మీదే.

ఎగరడం చూద్దామని పొద్దున్నే పైకి చేరినవాళ్ళకు మొదట కనిపించేది ఎగరని పైలట్లు. పది దాటినా అందరూ గడ్డి మీద కూర్చునే ఉంటారు. టీ తాగుతారు, తాళ్ళ చిక్కులు విప్పుతారు, మాటిమాటికీ లోయలోకి చూస్తారు. తెలియనివాళ్ళకు విసుగే. నన్నడిగితే ఆ రోజు మొత్తంలో అసలు పని జరిగేది ఆ గంటల్లోనే.

రాత్రంతా చల్లబడ్డ గాలి బరువెక్కి పొద్దుటిపూట వాలు వెంబడి కిందికి జారుతుంటుంది. అంటే గట్టు మీద నిలబడ్డవాడికి వెనకనుంచి గాలి. రెక్క లేవాలంటే గాలి ఎదురు రావాలి. ఎండ పడేకొద్దీ దక్షిణానికి తిరిగిన ఆ వాలు వేడెక్కుతుంది, దాన్ని ఆనుకున్న గాలి తేలికపడి కొండ ఎక్కడం మొదలుపెడుతుంది. గట్టు అంచున కట్టిన రిబ్బన్లు అప్పటిదాకా లోయ వైపు వాలి ఉన్నవి కాసేపు అటూ ఇటూ ఊగి, మెల్లగా మన వైపు తిరుగుతాయి. ఆ తర్వాత అక్కడక్కడ వేడి గాలి నేలను విడిచి బుడగలుగా, స్తంభాలుగా పైకి లేస్తుంది. థర్మల్ అనేది దాన్నే. లేచే గాలి, మబ్బు కట్టేదాకా, ప్రతి వంద మీటర్లకు సుమారు ఒక డిగ్రీ చొప్పున చల్లబడుతుంది. చాలినంత చల్లబడ్డ చోట అందులోని తేమ తెల్ల మబ్బు కడుతుంది. గట్టు మీదివాళ్ళు అంతసేపూ కాచుకునేది కొండ మీద కట్టే ఆ మొదటి మబ్బు తునక కోసమే. అది కనబడిందంటే దాని కింద రెక్కను పైకి లేపే గాలి ఉన్నట్టే.

ఇక రెక్కల సంగతి. పారాగ్లైడర్‌లో గట్టి ఎముక ఒక్కటీ ఉండదు. రెండు పొరల నైలాను గుడ్డ, మధ్యలో గదులు గదులుగా కుట్లు, ముందు అంచున తెరిచిన నోళ్ళు. పరుగుకు గాలి ఆ గదుల్లో నిండి గుడ్డ బిగుసుకుని రెక్కవుతుంది. దించితే మళ్ళీ మడతపడి వీపు సంచిలోకి పోతుంది. ఫ్రాన్స్‌లోని మియుస్సీ అనే ఆల్ప్స్ పల్లెలో 1978లో కొందరు పారాచూట్ జంపర్లు, విమానం ఖర్చు తప్పుతుందని, చదరపు పారాచూట్లతో కొండ మీంచే పరుగెత్తి ఎగిరారు. ఈ ఆట అక్కడ మొదలైంది. హ్యాంగ్ గ్లైడర్‌ది ఇంకా పాత వంశం. 1890లలో జర్మనీలో ఒట్టో లిలియెంతాల్ వెదురు, విల్లో బద్దలకు గుడ్డ కట్టి, బెర్లిన్ దగ్గర దిబ్బ పోయించుకుని మరీ రెండు వేల సార్లకు పైగా గాలిలో తేలాడు. 1896 ఆగస్టులో అలాంటి ఎగురుడులోనే పడి, మర్నాడు ప్రాణం విడిచాడు. తర్వాత అమెరికాలో ఫ్రాన్సిస్ రొగాలో, ఆయన భార్య గెర్ట్రూడ్ 1948లో మెత్తటి రెక్కకు రూపం కట్టారు. 1963లో ఆస్ట్రేలియాలో జాన్ డికెన్సన్ దానికి త్రికోణపు కడ్డీ చట్రం అమర్చి, మనిషి వేలాడుతూ తన బరువునే అటూ ఇటూ జరిపి నడిపే వీలు కల్పించాడు. నేటి హ్యాంగ్ గ్లైడర్ అంతా ఆ అమరికే.

బిల్లింగ్‌లో ఇప్పుడు హ్యాంగ్ గ్లైడర్ కనబడటం అరుదు. ముప్పై కిలోల అల్యూమినియం గొట్టాలను విమానాల్లో, జీపుల్లో మోసుకురావడం తేలిక కాదు మరి. నేను వెళ్ళిన రోజు అదృష్టం కొద్దీ ఒక నడివయసు విదేశీయుడు పొడవాటి మూట జీపు టాపుకు కట్టుకుని వచ్చాడు. గడ్డి మీద పరిచి గొట్టాలు విడదీసి, రెక్క గుడ్డలోకి వంపు బద్దలు ఒక్కొక్కటే దూర్చి, ప్రతి బోల్టునూ వేలితో తడిమి చూసుకున్నాడు. చుట్టూ చేరిన కుర్ర పారాగ్లైడర్ పైలట్లు నోరెత్తకుండా చూస్తున్నారు. అంతా అయ్యాక, రెక్క కింద నిలబడి నడుం కట్టు తగిలించుకుని, ఒక కుర్రాణ్ణి పిలిచి రెక్క మధ్య గొట్టం పట్టుకోమన్నాడు. అలా నేలకు జానెడు ఎత్తులో బోర్లా పడుకుని వేలాడాడు. కొక్కెం పడిందా, తాడు మెలికపడిందా, పొట్టకూ కడ్డీకీ మధ్య ఎడం సరిపోయిందా అని చూసుకుని లేచాడు. దీన్ని హ్యాంగ్ చెక్ అంటారు. కొక్కెం తగిలించుకోవడం మరిచి పరుగు తీసినవాళ్ళ కథలు ప్రపంచమంతా ఉన్నాయి కనుక, ఎన్నేళ్ళ అనుభవమున్నా ఈ పని మానరు. లేచి రెండడుగులు పక్కకు జరిగాడో లేదో, మళ్ళీ అదే కుర్రాణ్ణి పిలిచి మొత్తం తంతు మొదటినుంచి చేశాడు. ఆ తర్వాత నాలుగైదు అంగల్లో గట్టు దాటేశాడు. పారాగ్లైడర్ ఒక మీటరు దిగితే పది మీటర్లు ముందుకు పోతుంది. ఇది పదిహేను మీటర్లు పోతుంది. చూస్తుండగానే కొండ మలుపు దాటిపోయింది. అన్నట్టు 2012లో అమెరికాలోని టెక్సాస్‌లో డస్టిన్ మార్టిన్ హ్యాంగ్ గ్లైడర్ మీద ఒక్క రోజులో 764 కిలోమీటర్లు వెళ్ళాడు. ఇంజను లేదు, ఎండే ఇంధనం.

గట్టు మీద తెలుగు వినబడకుండా ఉంటుందా? హైదరాబాదు సాఫ్ట్‌వేర్ పిల్లలు సరేసరి. వాళ్ళ మధ్య విజయవాడ నుంచి కొడుకుతో వచ్చిన ఒక పెద్దావిడ కలిశారు. అరవై దాటిన మనిషి. చీర గదిలోనే వదిలి పంజాబీ డ్రెస్సు, కొత్త బూట్లు వేసుకుని హెల్మెట్ పట్టీ సర్దుకుంటున్నారు. కొడుకు మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అమ్మా, ఇంకోసారి ఆలోచించు."

"నిన్న డాక్టరుగారితో మాట్లాడాకే కదరా సరేనన్నాను. నువ్వు కంగారుపడి నన్ను కంగారుపెట్టకు."

ఒకే రెక్క కింద ఆవిడతో కలిసి ఎగరబోయే టాండెమ్ పైలట్ ఆ ఊరి కుర్రాడే. "మాతాజీ, భాగ్‌నా హై, బైఠ్‌నా నహీ" అన్నాడు. "ఏమంటున్నాడమ్మా?" అని ఆవిడ నావైపు తిరిగారు. పరుగెత్తాలట, తను చెప్పేదాకా కూర్చోకూడదట అని చెప్పాను. టాండెమ్‌లో ఎక్కువమంది తడబడేది అక్కడే. రెక్క కాస్త పైకి లాగగానే ఎగిరిపోయామనుకుని కాళ్ళు ముడిచేస్తారు. రెక్కకు ఇంకా వేగం రాలేదు, ఇద్దరి బరువూ పైలట్ కాళ్ళ మీద పడుతుంది. అందుకే అరిచి అరిచి చెబుతారు.

అంతా సిద్ధమై కొక్కేలు తగిలించాక గాలి పక్కకు తిరిగింది. రిబ్బన్లు అడ్డంగా రెపరెపలాడాయి. పైలట్ కాసేపు చూసి, ఏమీ మాట్లాడకుండా ఆవిడ కొక్కేలు విప్పి, రెక్కను పోగుచేసి పక్కన పెట్టాడు. "థోడా రుకేంగే." కొడుక్కి కోపం వచ్చింది. డబ్బు కట్టాం, సాయంత్రం బస్సుంది, ఇంతసేపు నిలబెట్టి ఇప్పుడు ఆగమంటాడేంటి అన్నాడు. ఆవిడ మాత్రం గడ్డి మీద చతికిలబడి, "ఉండరా. పొగమంచులో బస్సు డ్రైవరు బండి పక్కకు ఆపితే మంచివాడనుకుంటాం కదా, ఇదీ అంతే" అన్నారు. గంట పైనే కూర్చున్నారు. ఆ తర్వాత గాలి కుదురుకుంది. ఆవిడ పరుగెత్తిన తీరు చూసి గట్టు మీద జనం చప్పట్లు కొట్టారు, కాళ్ళు ముడవనేలేదు.

రేపటికి మళ్ళీ రావచ్చు అన్న తెగువ ఉన్నవాళ్ళే ఈ ఆటలో నిలుస్తారు. ఆ మధ్యాహ్నం సొంత రెక్కతో వచ్చిన ఒక పైలట్, గాలి తనకు నచ్చలేదని సంచి కట్టేసి జీపెక్కి దిగిపోయాడు. అతణ్ణి ఎవరూ ఎగతాళి చేయలేదు. ఒకరిద్దరు లేచి సంచి మోయడానికి సాయం వెళ్ళారు. బిల్లింగ్‌లో నేను చూసినవాటిలో దీన్నే ముందు చెబుతాను.

మబ్బుతో చనువు ఎక్కడిదాకా పనికొస్తుందో తెలియజెప్పే ఉదంతం ఒకటుంది. 2007 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియాలోని మనిల్లా దగ్గర, ప్రపంచ పోటీలకు సాధన చేస్తున్న ఎవా విష్నియెర్స్కా అనే పైలట్‌ను ఉరుముల మబ్బు తనలోకి పీల్చుకుంది. పది వేల మీటర్లకు కాస్త తక్కువ ఎత్తుకు, అంటే పెద్ద విమానాలు తిరిగే చోటుకు, ఎత్తుకుపోయింది. స్పృహ తప్పి, ఒళ్ళంతా మంచు పేరుకుని, చివరికి ప్రాణంతో దిగింది. అదే రోజు అదే తుఫాను మబ్బు ఇంకొక పైలట్‌ను బలితీసుకుంది. తెల్లటి తునక కోసం కాచుకునేవాళ్ళే అది నల్లబడుతుంటే ఎందుకు పరుగున నేలకు దిగుతారో ఇప్పుడు తెలిసింది కదా.

పైన అసలు గురువులు రాబందులు. హిమాలయ రాబందు రెక్క విప్పితే కొస నుంచి కొసకు రెండున్నర మీటర్లు దాటుతుంది. రెక్క ఆడించకుండా అది ఎక్కడ చుట్లు తిరుగుతుంటే అక్కడ థర్మల్ ఉన్నట్టు. పైలట్లు వెళ్ళి దాని వెంటే తిరుగుతారు. ముందు చేరినవాళ్ళు ఏ వైపు తిరుగుతుంటే వెనక వచ్చినవాళ్ళూ అటే తిరగాలన్నది గాలిలో కట్టుబాటు. నా తలకు బాగా పైన ఆరేడు రంగుల రెక్కలు, వాటి మధ్య రెండు రాబందులు ఒకే సుడిలో తిరగడం కళ్ళారా చూశాను. పశువులకు వాడిన డైక్లోఫినాక్ మందు మన దేశపు రాబందులను ఊడ్చేసింది. 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించాక గానీ వాటికి ఊపిరాడలేదు. మన కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లో, పాలరాపు గుట్ట మీద పొడుగు ముక్కు రాబందులు గూళ్ళు కట్టుకున్న సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె నిండుతుంది.

చేయి తిరిగినవాళ్ళు ధౌలాధార్ వాలు పట్టుకుని పడమటికి, ధర్మశాల దాకా పోయి అదే రోజు తిరిగి వస్తారు. మామూలు టాండెమ్ సుమారు పావుగంట నుంచి అరగంట. దిగేటప్పుడు వరి మడులు, టీ తోటలు, టిబెటన్ కాలనీలోని మఠాల పసుపు కప్పులు మీదికి వస్తుంటాయి. 1999లో వచ్చిన 'ది కప్' సినిమా, ఫుట్‌బాల్ పిచ్చి పట్టిన చిన్న సన్యాసుల కథ, తీసింది ఆ మఠాల్లో ఒకదాంట్లోనే. సాయంత్రం క్యోర్ మైదానం తిరనాళ్ళలా ఉంటుంది. ఆకాశంలో పది రెక్కలు, నేల మీద యాభై ఫోన్లు, గట్ల మీద కూర్చుని ఎవరు ఎలా దిగారో మార్కులు వేసే బడిపిల్లలు.

ఒక్క బాధ మాత్రం చెప్పుకోవాలి. రద్దీ పెరిగేకొద్దీ తొందర పెరుగుతోంది. గట్టు మీద నిలబడి పైలట్లను "ఇంకెంతసేపు?" అని దబాయించే సందర్శకులను చూస్తే నాకు భయమేసింది. టాండెమ్ ఎగిరించాలంటే రాష్ట్ర ప్రభుత్వం లైసెన్సు ఇవ్వాలి. అది చూపించమని అడగండి, ఎవరూ చిన్నబుచ్చుకోరు. రిజర్వ్ పారాచూట్ ఎక్కడుందో అడగండి. గాలి బాగాలేదంటే డబ్బు తిరిగి ఇస్తారో, మర్నాటికి మారుస్తారో ముందే తేల్చుకోండి. బస్సు టికెట్ మాత్రం అదే సాయంత్రానికి తీసుకోకండి.

అంత దూరం పోలేనివాళ్ళకు మరో దారి. పుణె, లోణావళా మధ్య లోకల్ రైలు ఆగే కామ్‌షెట్‌లో పారాగ్లైడింగ్ నేర్పే బడులున్నాయి. వానలు వెనక్కి తగ్గాక అక్టోబరు నుంచి వేసవి దాకా అక్కడ సీజను. హైదరాబాదు నుంచి పుణెకు రాత్రి రైలెక్కితే మర్నాడు చేరిపోవచ్చు. అయితే తొలి పాఠాలు కొండ మీద కాదు, చదును నేల మీద. గాలికి ఎదురు నిలబడి రెక్కను తలమీదికి లేపడం, నిలపడం, పడిపోతే మళ్ళీ తాళ్ళు సర్దుకోవడం, గాలి ఆగితే కూర్చోవడం. అది చేతికి వచ్చాకే చిన్న గుట్ట ఎక్కిస్తారు.