కోనసీమ కార్డు కువైట్‌లో చెల్లదు!

రావులపాలెం దగ్గర హైవే దిగి కొత్తపేట దారి పడితే రోడ్డు సన్నబడుతుంది. ఒక పక్క కాలువ, మరో పక్క కొబ్బరిచెట్లు. ఎదురుగా కాయల లోడుతో లారీ వచ్చిందా... ఎవరో ఒకరు అంచుకు దిగాల్సిందే! ఈ గట్ల మీద స్టీరింగ్ పట్టినవాడు ప్రపంచంలో ఎక్కడైనా బండి నడుపుతాడని ఇక్కడివాళ్ల ధీమా. ఆ ధీమాతోనే ఎందరో కుర్రాళ్లు ఇంటి డ్రైవర్లుగా కువైట్ విమానం ఎక్కుతుంటారు.

అమలాపురం మీదుగా వెళ్లి, బోడసకుర్రు-పాశర్లపూడి వంతెన మీద వైనతేయ దాటితే రాజోలు ప్రాంతం. అక్కడ టీకొట్టు దగ్గర కలిశాడో డ్రైవరు. అరబ్బు ఇంట్లో చాలాకాలం పనిచేసి వచ్చాడు.

‘‘ఆయ్, మన లైసెన్స్ అక్కడ చూపించుకోడానికేనండి... నడపడానికి కాదు’’ అని నవ్వాడు.

నిజమే. మన లైసెన్స్ ఇచ్చి అక్కడి కార్డు తీసుకునే వీలు లేదు. గుర్తులు, పార్కింగ్, రోడ్డు... పరీక్షలన్నీ మళ్లీ మొదటి నుంచీ రాయాలి, నడపాలి. పైగా అక్కడ బండ్లు కుడిపక్కన వెళ్తాయి. స్టీరింగ్ ఎడమవైపు, గేరు కుడిచేతికి! ‘‘రెండుసార్లు తప్పానండి. అప్పు చేసి వీసా తెచ్చుకున్నా కదా, రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు. మూడోసారి గట్టెక్కాను.’’

మరి ఇక్కడ రవాణా శాఖ ఇచ్చే అంతర్జాతీయ పర్మిట్? గరిష్ఠంగా ఏడాదే దాని ఆయుష్షు. చుట్టపుచూపుగా వెళ్లేవారికి ఉపయోగం. అకామా కొట్టించుకుని కొలువు చేసేవారికి స్థానిక లైసెన్సే కావాలి. కువైట్‌లో మామూలు ప్రవాసులకైతే చదువు, జీతం, నివాసకాలం లాంటి షరతులుంటాయి. ఇంటి డ్రైవర్లకు వాటి నుంచి సడలింపు ఉంది. కానీ ఆ కార్డు కొలువుకే ముడిపడి ఉంటుంది. పని పోతే అదీ పోయినట్టే.

దుబాయ్ కొంత నయం. అమెరికా, బ్రిటన్ లాంటి దేశాల లైసెన్సును నేరుగా మార్చి ఇస్తుంది. ఆ జాబితాలో మనం లేము. అయితే మనలాంటివారికి 2023లో ‘గోల్డెన్ ఛాన్స్’ తెచ్చింది. తరగతులకు వెళ్లకుండా ఒక్కసారి నేరుగా పరీక్షకు కూర్చోవచ్చు. తప్పితే మాత్రం తరగతులకు వెళ్లాల్సిందే.

ఇందులో చిత్రం ఒకటుంది. మన మోటారు వాహనాల చట్టం-1988లోని 9వ సెక్షన్ ప్రకారం, విదేశీ లైసెన్స్ ఉన్నవారు వైద్య ధ్రువపత్రం లాంటి నిబంధనలు పాటిస్తే చాలు, డ్రైవింగ్ పరీక్ష అక్కర్లేదు. వాళ్ల కార్డును మనం నమ్ముతాం. మన కార్డును వాళ్లు నమ్మరు!

అందుకే మీ ఇంట్లోంచి ఎవరైనా డ్రైవరుగా బయల్దేరుతుంటే ముందే అడగండి: పరీక్ష ఖర్చు యజమానిదా, మనదా? తప్పితే పని ఉంటుందా, ఉండదా? అప్పు చేశాక అడిగితే లాభం లేదు. వెళ్లేముందు ఇక్కడి లైసెన్స్ గడువు కూడా చూసుకోవాలి. తిరిగొచ్చాక అన్నం పెట్టేది అదే.

‘‘వచ్చిన కొత్తలో గేరు కోసం కుడిచెయ్యి వేస్తే డోరు తగిలేదండి’’ అన్నాడా డ్రైవరు, ఆటో తాళం తిప్పుతూ. గట్టు రోడ్డు మీద ఎదురొచ్చిన ట్రాక్టరుకు దారిచ్చి, కొబ్బరితోటల్లోకి మలుపు తిరిగాడు.