సంతకమేగా!

అక్టోబర్‌లో ఓ మంగళవారం సాయంత్రం. ఆఫీసు కేఫెటీరియాలో టీ తాగుతుంటే ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ‘మీ క్రెడిట్ కార్డు లిమిట్ సవరించాం. కొత్త లిమిట్ రూ.65,000’ అని. ముందు ఏదో మోసం మెసేజ్ అనుకున్నా. రోజూ అలాంటివి పది వస్తాయి కదా. యాప్ తెరిచి చూస్తే నిజమే. పొద్దుటిదాకా 3,20,000 ఉన్న లిమిట్ 65 వేలకి దిగిపోయింది. అప్పటికే దాని మీద 48 వేల బాకీ ఉంది. అమ్మకి కొన్న ఫ్రిజ్, చెల్లి పరీక్ష ఫీజు, ఇంకా గుర్తులేనివి ఏవేవో.

నాకున్నది ఆ ఒక్క కార్డే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇదే కేఫెటీరియాలో బ్యాంకు వాళ్లు బల్ల వేసుకుని కూర్చుని, ఓ ట్రావెల్ బ్యాగు కూడా చేతిలో పెట్టి మరీ ఇచ్చారు. ఆరేళ్లలో ఒక్క బిల్లూ ఆలస్యం చేయలేదు. అందుకే ఒళ్లు మండింది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే అవతలి అమ్మాయి ఎంతో మర్యాదగా ‘అది సిస్టమ్ తీసుకున్న నిర్ణయం సర్’ అంది. నేను పొట్టకూటికి కోడ్ రాసేది అలాంటి సిస్టమ్‌లకే. లోపలికి వెళ్లేది మారకుండా బయటికి వచ్చేది మారదు. లోపల ఏం మారిందో మాత్రం ఆ అమ్మాయి చెప్పలేకపోయింది. లిమిట్ పెంచాలంటే మన అనుమతి కావాలట, తగ్గించాలంటే తెలియజేస్తే చాలట. రిజర్వ్ బ్యాంకు రూలే అది. తెలియజేశారు, అంతే.

ఆ రాత్రి చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఈ బ్యాంకు కాకపోతే ఇంకోటి అని పంతానికి పోయి వేరే కార్డుకి అప్లై చేశా. పది నిమిషాల్లో కుదరదన్నారు. పోతే పోయిందనుకోవడానికి లేదు. మనం అప్పు అడిగిన ప్రతిసారీ ఆ బ్యాంకు మన రిపోర్టు తెప్పించుకుంటుంది. ఆ సంగతి కూడా రిపోర్టులోకి ఎక్కుతుంది. ‘వీడెవడో డబ్బుకి కటకటలాడుతున్నాడు’ అని తర్వాత వచ్చేవాడు అనుకోవడానికి మనమే ఓ సాక్ష్యం రాసిచ్చినట్టు. అక్కడితో ఆగక పాత కార్డు కూడా మూసేద్దామనుకున్నా. మా టీమ్‌లో ఓ సీనియర్ ఆపాడు. ‘ఉన్న లిమిట్టూ పోతుంది, ఆరేళ్ల పాత ఖాతా చేతులారా మూసేసుకున్నట్టవుతుంది. ముందు రిపోర్టు తీసి చూడరా బాబూ’ అన్నాడు.

మన దేశంలో సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని నాలుగు క్రెడిట్ బ్యూరోలున్నాయి. ఏడాదికోసారి ఒక్కొక్కటీ పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాల్సిందే. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు కూడా. తగ్గుతుందేమోనన్న భయంతో నేను మూడేళ్లుగా దాని జోలికే పోలేదు. బండి లోన్ తీసుకున్నప్పుడు 788 ఉండేది. ఇప్పుడు 703. స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది కాబట్టి 703 అంటే మరీ తీసిపారేసేదేం కాదు. కానీ లిమిట్ తగ్గిన సంగతి బ్యూరోకి ఇంకా చేరలేదు. చేరితే ఏమవుతుందో లెక్క వేసుకున్నా. 3,20,000లో 48 వేలు వాడితే 15 శాతం. అదే 48 వేలు 65 వేలలో అయితే దాదాపు 74 శాతం. ఇది 30 దాటకుండా చూసుకోమంటారు అందరూ. నేను కొత్తగా ఒక్క రూపాయి ఖర్చు పెట్టకుండానే పీకల్లోతు అప్పులో ఉన్నవాడిలా కనిపిస్తానన్నమాట.

మామూలుగా అయితే పోనీలే అనుకునేవాణ్ని. కానీ మా చెల్లికి యూకేలో పీజీ సీటు వచ్చింది, జనవరిలో వెళ్లాలి. 22 లక్షల ఎడ్యుకేషన్ లోన్‌కి కో-అప్లికెంట్‌ని నేనే. నాన్నది ఊళ్లో కిరాణా కొట్టు, ఆయనకి ఐటీ రిటర్నులూ అవీ లేవు. ఇంకో వారంలో అప్లికేషన్ ఇద్దామనుకుంటున్నాం.

రిపోర్టు నాలుగో పేజీలో దొరికింది అసలు విషయం. ఓ వాహన రుణం. హోదా: గ్యారంటర్. నెలనెలా గళ్లు, ఒక్కో గడిలో ఎన్ని రోజులు ఆలస్యమైందో అంకె. జూన్‌లో 25, జులైలో సున్నా, ఆగస్టులో 26, సెప్టెంబర్‌లో 56.

రెండేళ్ల కిందటి సంక్రాంతి గుర్తొచ్చింది. మా మేనత్త కొడుకు, వరసకి బావ, ట్రాలీ ఆటో కొనుక్కుంటున్నాడు. మిరప సీజన్‌లో చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఖమ్మం మార్కెట్ యార్డుకి బస్తాలు తోలితే బతుకు సాగిపోతుందని. ఫైనాన్స్ వాళ్లు జీతగాడి హామీ అడిగారు. ‘మన మేనల్లుడేరా, సంతకమేగా’ అన్నాడు నాన్న. అరిసె తింటూ పెట్టేశా. ఆ జిడ్డు వేలి ముద్ర కూడా కాగితం మీద పడే ఉంటుంది. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలో 128వ సెక్షన్ అని ఒకటుందనీ, అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో హామీదారుకీ అంతే అనీ చదివింది మాత్రం ఈ మెసేజ్ వచ్చాకే. ఇంజినీరింగ్‌లో నాలుగేళ్లు ఎన్నో చదివించారు, ఇది తప్ప.

ముందు నా చేతిలో ఉన్న పని చేశా. రికరింగ్ డిపాజిట్ మధ్యలో తీసేసి, ఆ నెల బిల్లు తయారవకముందే 48 వేలూ కట్టేశా. బిల్లు వచ్చాక గడువులోగా కట్టినా తప్పేమీ లేదు. కానీ బ్యాంకు వివరాలు పంపే రోజున ఎంత బాకీ ఉంటే అదే బ్యూరోకి వెళ్తుంది. 20వ తారీఖున అదే కార్డు నుంచి పోవాల్సిన 18,900 ఇన్సూరెన్స్ ప్రీమియం బ్యాంకు ఖాతాకి మార్చా. మార్చకపోతే మిగిలిన 17 వేల లిమిట్‌లో అది ఆగిపోయి, పాలసీకే ఎసరొచ్చేది. ఏడాది కిందటే తీరిపోయిన నా బండి లోన్ ఇంకా నడుస్తున్నట్టే ఉంటే ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టా, మూడు వారాల్లో సరిచేశారు. 30 రోజులు దాటితే రోజుకి 100 రూపాయలు పరిహారం ఇవ్వాలన్న నిబంధన ఉండబట్టేనేమో.

శనివారం ఊరెళ్లా. దారి పొడుగునా ఎలా మొదలుపెట్టాలా అనే ఆలోచన. డబ్బు సంగతి స్నేహితుడితో మాట్లాడగలం, బావతో మాట్లాడటం చాలా కష్టం. రిపోర్టు ఫోన్‌లో చూపించా. బావ మొహం ఎర్రబడింది.

‘ఏందిరా, నేనేమన్నా ఎగ్గొట్టిన్నా? లేటైన ప్రతిసారీ ఫైన్‌తో సహా కట్టిన. రసీదులు చూపియ్యాల్నా?’ అన్నాడు. లోపలి నుంచి అత్త వచ్చింది. ‘పిల్ల చదువు మావాడి వల్లే ఆగిందని ఊరంతా అనుకోవాల్నా ఇప్పుడు’ అంటూ కళ్లొత్తుకుంది. నేను తెచ్చిన స్వీట్ బాక్స్ అరుగు మీద అలాగే ఉండిపోయింది.

బావ అబద్ధం ఆడలేదు. ఆలస్యమైతే వడ్డీతో కట్టాలి, కట్టాక లెక్క తీరిపోతుంది. ఆయన పుట్టి పెరిగిన ఊళ్లో అదే పద్ధతి. మా నాన్న ఎర్ర అట్ట ఖాతా పుస్తకంలో సగం పేర్లు పత్తి అమ్మాకే కొట్టివేతకి వస్తాయి. ఎవరింట్లో జ్వరమో, ఎవరి బోరు ఎండిందో ఆయనకి తెలుసు కాబట్టి ఎవరినీ చెడ్డవాడని రాసుకోడు. బ్యూరో గడిలో 56 అన్న అంకె మాత్రమే ఉంది. వానలకి రెండు నెలలు కిరాయిలు లేవని, బండి గేర్‌బాక్స్ పోయిందని రాయడానికి అక్కడ చోటు లేదు. పైగా ఆ ఆలస్యం తన పేరు మీదే కాదు, నా పేరు మీదా పడుతుందని బావకి ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి నాకే తెలియదు కదా!

చీకటి పడ్డాక బావే కొట్టు దగ్గరికొచ్చాడు. ఈఎంఐ ఐదో తారీఖున, 11,400. వ్యాపారులు ఆయనకి డబ్బులిచ్చేది పన్నెండు తర్వాత, అదీ సీజన్‌లో. హామీ నుంచి నేను తప్పుకోవాలంటే నా స్థానంలో ఇంకొకర్ని చూపించాలి, దానికి ఫైనాన్స్ వాళ్లు ఒప్పుకోవాలి. ఇంకో జీతగాడు మా చుట్టాల్లో లేడు. చివరికి నాన్నే ఓ దారి చెప్పాడు. నాలుగో తారీఖున ఆ 11,400 నేను కట్టేయాలి. బావ వీలున్నప్పుడు నాకివ్వాలి. అంటే ఆలస్యం ఆలస్యంగానే ఉంటుంది, ఫైనాన్స్ కంపెనీ లెక్కలోంచి మా ఇంటి లెక్కలోకి వస్తుంది. బావ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ‘రాసి పెట్టు మామా’ అన్నాడు. నాన్న పుస్తకం తీసి కొత్త పేజీలో రాశాడు.

చెల్లి లోన్ అప్లికేషన్ నెల రోజులు ఆపాం. 2025 జనవరి నుంచి బ్యాంకులు పదిహేను రోజులకోసారి బ్యూరోలకి వివరాలు పంపాల్సి రావడం మాకు కలిసొచ్చింది. నవంబర్ చివరికి స్కోరు 731 అయింది. బ్యాంకు మేనేజర్ ఆ 56 మీద వేలు పెట్టి అడిగితే జరిగిందంతా కాగితం మీద రాసిచ్చా. లోన్ వచ్చింది, వడ్డీ అర శాతం ఎక్కువకి. 22 లక్షలకి అర శాతమంటే ఏడాదికి 11 వేలు. దాదాపు బావ ఒక ఈఎంఐ అంత. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, చెల్లికైతే అసలే చెప్పను.

కార్డు లిమిట్ ఇంకా 65 వేలే. పెంచమని అడగలేదు. నెలకి పదిహేను వేలు దాటకుండా వాడుతూ, బిల్లుకి ముందే కట్టేస్తున్నా.

మొన్న ఊరెళ్తే నాన్న పుస్తకంలో మా పేజీ చూశా. రెండు నెలల లెక్కలు కొట్టేసి ఉన్నాయి. మూడోదానికి బావ 7 వేలు నగదు, పది కిలోల ఎండుమిర్చి ఇచ్చాడు. ఆ మిర్చికి కిలో ఎంత వేయాలన్న దగ్గర మామా అల్లుళ్లకి ఇంకా తెగలేదు.