మూడు బొమ్మల యుద్ధం

కోట్లు పోసి తీసిన చిత్రం మూడోవారానికే డబ్బాల్లోకి వెళ్లిపోతుంది. ఏ ఆర్భాటమూ లేని బుల్లి చిత్రం మాత్రం వంద రోజులు ఆడేస్తుంది! ఈ వింత సినిమాలకే అనుకునేరు... కంప్యూటర్ ఆటలకూ ఉందండోయ్.

'ఏజ్ ఆఫ్ వార్' అని ఒక ఆట. 2007లో వచ్చింది. బ్రౌజర్ తెరిస్తే చాలు, ఆట మొదలు. ఒక కొసన మన కోట, రెండో కొసన శత్రువు కోట. రాతియుగంలో దుడ్డుకర్రవాడు, వడిసెలవాడు, డైనోసార్ ఎక్కినవాడు. అంతే తారాగణం! శత్రువును కొడితే డబ్బొస్తుంది. ఆ డబ్బుతో మళ్లీ మనుషుల్ని పంపాలి. ఉన్నదాంతో ఇప్పుడే నలుగురు దుడ్డుకర్రవాళ్లను తోలెయ్యాలా? లేక కోట దెబ్బలు తింటున్నా పళ్లు బిగించి, డైనోసార్‌కు సరిపడా కూడబెట్టాలా? యుగాలు మారతాయి, వేషాలు మారతాయి. ఈ ప్రశ్న మాత్రం మారదు.

డిగ్రీ చదివే రోజుల్లో వనపర్తి నెట్ సెంటర్లో ఈ ఆటకు అతుక్కుపోయిన కుర్రకారులో నేనూ ఒకణ్ణి. జేబులో గంటకు సరిపడా చిల్లర, తిరుగు బస్సు చార్జీ... ఉన్నది ఇప్పుడే ఖర్చుపెట్టాలా, ఆగాలా అన్నది తెర మీదా, తెర బయటా ఒకటే బెంగ!

మా పాన్‌గల్ కోటకు ఈ లెక్క కొత్తేం కాదులెండి. 1417లో బహమనీ సుల్తాను ఫిరోజ్ షా దీన్ని ముట్టడించి రెండేళ్లు కూర్చున్నాడు. కోట లొంగలేదు సరికదా, ఆయన దండులోనే రోగాలు పుట్టాయి. అప్పుడు వచ్చాడు విజయనగరం దేవరాయలు! సుల్తాను ఓడిపోయాడు. 1422 నాటికి గద్దె కూడా తమ్ముడిదైపోయింది. బయట కూర్చున్నవాడికీ రోజూ ఖర్చే కదా మరి!

మా ఊరి అరుగుల మీద ఆడిన పులి-మేకలోనూ ఇదే తంతు. మూడు పులులు, పదిహేను మేకలు. ఒంటి మేక మీంచి పులి దూకిందా, మేక పోయినట్టే. మేకలు ఒకదాని వెనక ఒకటి నిలబడి దారి మూసేశాయా, పులి పని సరి. దాపరికం లేదు, అదృష్టం లేదు. ఓడితే ఎక్కడ ఓడామో వేలుపెట్టి చూపించొచ్చు. డబ్బు కడితే తప్ప ముందుకు కదలనివ్వని నేటి ఫోను గేముల్లో ఆ సుఖం ఏదీ?

2020 డిసెంబరు 31న అడోబీ సంస్థ ఫ్లాష్‌కు మంగళం పాడేసింది. అలాంటి ఆటలు వేలకొద్దీ ఆ ఫ్లాష్ మీదే బతికేవి. నా కాలేజీ రోజుల మీద ఎవరో తెర దించేసినట్టనిపించింది. కానీ అభిమానులు ఊరుకుంటారా? 'రఫుల్' అనే సాఫ్ట్‌వేర్ తయారుచేసి, పాత ప్రింటు కడిగి మళ్లీ రిలీజ్ చేసినట్టు చాలా ఆటల్ని బతికించుకున్నారు.

మొన్న మా అన్న కొడుక్కి 'ఏజ్ ఆఫ్ వార్' చూపించాను. "గిదేంది చిన్నాయనా, బొమ్మలు గిట్లున్నయ్?" అని మూతి ముడిచాడు. పది నిమిషాలయ్యాక చూద్దును కదా, అన్నానికి పిలిస్తే పలకడు! కోట సగం కూలింది. ఎదురుగా ముగ్గురు వడిసెలవాళ్లు వస్తున్నారు. చేతిలో డబ్బు ఒక్క దుడ్డుకర్రవాడికే సరిపోతుంది.

"పంపాల్నా, ఆగాల్నా?" అన్నాడు, నా వైపు చూడకుండానే.