మంచిదైతే చాలదట

వికీపీడియాలో తొలగింపు మూస (తీసేయాలన్న సూచన) పడిన వ్యాసాన్ని వెనకేసుకురావడం అంత తేలిక కాదు. పిల్లలకు భిన్నాలు, బీజగణితం ఉచితంగా నేర్పే చిన్న వెబ్‌సైట్ మీద రాసిన వ్యాసం అది. ఆ సైట్‌లో ఒక్క ప్రకటన కనబడదు. ఇంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది. కానీ వికీపీడియా అడిగేది మంచిదా కాదా అని కాదు. ఆ సైట్‌తో సంబంధం లేనివాళ్లు దాని గురించి వివరంగా రాశారా అని. సైట్ తన గురించి తాను చెప్పుకున్నది లెక్కలోకి రాదు.

నిబంధన మీద నాకు కోపం లేదు. అది లేకపోతే ప్రతి కోచింగ్ సెంటరూ తన కరపత్రాన్నే వ్యాసంగా ఎక్కిస్తుంది. చిక్కల్లా రాసేవాళ్లు తక్కువ కావడమే. 2018 మేలో భౌతిక శాస్త్రవేత్త డోనా స్ట్రిక్లాండ్ మీద ఇంగ్లీషు వికీపీడియాకు పంపిన చిత్తుప్రతిని మూలాలు చాలవని తిప్పికొట్టారు. అక్టోబరులో ఆమెకు నోబెల్ వచ్చింది. మేలో ఆమె ప్రతిభకేం తక్కువ? ఆమె గురించి రాసినవాళ్లే తక్కువ.

మన దగ్గర రాసినా అది జిల్లా ఎడిషన్‌లో ఓ మూల వస్తుంది, నెట్‌లో దొరకదు. అయినా మూలం నెట్‌లోనే ఉండాలన్న షరతేం లేదు. పత్రిక పేరు, తేదీ, పేజీ సంఖ్య ఇస్తే పేపర్ కటింగూ చెల్లుతుంది. అందుకే నా వాదనలో పొగడ్తలన్నీ కొట్టేసి, కటింగుల వివరాలే మిగిల్చాను. అవి చాలవని తీసేస్తే తీసేయనీ. ఎవరైనా ఆ సైట్ మీద నిండుగా రాసిన రోజున వ్యాసం మళ్లీ పెట్టుకోవచ్చు.