పాడుపడిన మేడ

పాడుపడిన మేడలను చూడబోవుట మనుష్యులకు ఏల ప్రియమో చెప్పుట కష్టము. ఏలినవారి వైభవము పోయినదను విచారము కొందరిని, పోయినదను తృప్తి మరికొందరిని అచ్చటికి నడిపించును. ఆ మేడను కట్టిన చేతులను తలచుకొని పోవువారు మాత్రము అరుదు.

అండమాను దీవుల రాజధాని పోర్ట్ బ్లెయిరునకు 2024లో శ్రీవిజయపురమని పేరు మారినది. అందలి పేటలలో మిన్నీ బే ఒకటి. ఒక సెలవునాటి ఉదయమున ఆ పేటవారు ఇరువదిమంది పులిహోర పొట్లములు, మంచినీళ్లు వెంటబెట్టుకొని అబర్డీను రేవులో పడవ ఎక్కిరి. వారు పోవునది రాస్ దీవికి. 2018 నుండి దానిని నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపమందురు. వారిలో సిక్కోలు తీరమునుండి వచ్చి స్థిరపడిన జాలరులు, రాజమహేంద్రవరపు డ్రాయింగు మాస్టరుగారు, ఆయన శిష్యులు నలుగురు, ఒక వృద్ధురాలు ఉండిరి. ఆమె పూర్వులు ఖైదీలుగా ఈ దీవులకు వచ్చినవారు. అట్టి కుటుంబములవారిని అచ్చట ‘లోకల్ బార్న్’ అందురు.

1857 తిరుగుబాటు అణగిన పిమ్మట, 1858 మార్చిలో, డాక్టరు వాకరు 200 మంది ఖైదీలతో ఇచ్చటికి వచ్చెను. దీవిపై అడవిని నరికినవారు ఖైదీలే, రాళ్లు మోసినవారును వారే. కాలక్రమమున కొండకొమ్మున చీఫ్ కమీషనరు భవనము, దాని చుట్టును చర్చి, రొట్టెల బట్టీ, బజారు, ఆటస్థలములు వెలసినవి. ఎనుబదేండ్లకు పైగా దీవుల పాలనయంతయు అచ్చటినుండియే సాగినది. 1941 జూన్ 26న భూకంపము వచ్చినది. 1942 మార్చి 23న జపాను సైన్యము దిగినది. దొరల కాలము అంతటితో ముగిసినది. ఇప్పుడు పైకప్పు లేని గదులలో మర్రిజాతి చెట్లు మొలచి, గోడలను వేళ్లతో పెనవేసికొని యున్నవి. ఒకనాడు దొరలు తెచ్చి విడిచిన చుక్కల జింకలు మెట్లమీద నిర్భయముగా తిరుగుచుండును.

శిష్యులు నీడన కూర్చుండి బొమ్మలు వేయసాగిరి. మాస్టరుగారు వారికి తమ ఊరి దామెర్ల రామారావును గూర్చి చెప్పిరి. ఆయన 1925లో, ఇరువది యెనిమిదేండ్లు నిండకమునుపే గతించెను. అయినను రాజమహేంద్రవరములో ఆయన పేరిట చిత్రశాల నిలిచియున్నది. చిత్రకారుని పేరు చిత్రముతో పాటు బ్రదుకును. గోడ కట్టిన తాపీవాని పేరు గోడతోనైనను మిగులదు. 1879లో చెలరేగిన రంప పితూరీలో పట్టుబడిన మన్యమువారిని పలువురిని ఈ దీవులకే పంపిరనియు, ఇచ్చటి కఠినశ్రమలో తెలుగు చేతులకును పాలు కలదనియు ఆయన చెప్పిరి.

ఒక బాలుడు బొమ్మ ముగించి, దాని క్రింద ‘చీఫ్ కమీషనరు మేడ’ అని వ్రాసెను. వృద్ధురాలు వంగి, చదివించుకొని, “ఆయన కట్టినాడా బాబూ?” అని అడిగెను.

జాలరి యువకుడొకడు నవ్వుచు, “సంకెళ్లు వేసి చేయించిన పని మామ్మా! దానికి పేరెందుకు? మరచిపోవుటే మర్యాద” అనెను. అతని మాటలో కరుణయే యున్నది. ఖైదీ మనుమలమని చెప్పుకొనుటకు వెనుదీసిన తరములు ఆ దీవులలో లేకపోలేదు.

ఆమె కొంతసేపు గోడనే చూచెను. “సిగ్గు చేయించినవాళ్లది, నాయనా. చూడు, చెట్టు అంత బలముగా పట్టినా గోడ ఇంకా నిలిచేయున్నది. చేసినవాడికి పని తెలుసును” అనెను.

యువకుడు ఒప్పుకొనలేదు, వాదింపనులేదు. తిరుగు పడవకు వేళయైనది. బాలుడు వ్రాసిన పేరు కొట్టివేసి, ‘ఖైదీలు కట్టిన మేడ’ అని వ్రాసెను. అంత అందమైన బొమ్మకు అంత విచారపు పేరు తగదని పడవలో కొందరనిరి. మాస్టరుగారు మాత్రము దానిని దిద్దలేదు.