నీటికాసుల వైద్యులు

మన పత్రికను రెండు భాషలవారు చదువుదురు గనుక మాటలతోనే మొదలిడుదుము. శుక్లమును ఉర్దూలో సఫేద్ మోతియా అనియు, గ్లాకోమాను కాలా మోతియా అనియు అందురు. తెలుగున రెండవదానికి నీటికాసులని పేరు. తెల్ల మోతియాను తీసివేసిన చూపు తిరిగి వచ్చును. నల్లదానివలన పోయిన చూపు మరల రాదు. కంటిలో ఊరు ద్రవము బయటికి పోవు మార్గము మందగింపగా లోని ఒత్తిడి హెచ్చి, దృష్టినాడి మెల్లమెల్లగా క్షీణించును. పెక్కుమందికి నొప్పి యుండదు. చూపు అంచులనుండి తరుగుచు వచ్చును గనుక రోగికే తెలియదు.

మా ఫూఫీ మూడేండ్లు చుక్కలమందు వేసికొని, "వేసుకున్నా చూపేం పెరగలేదు గదరా" అని మానివేసినారు. చూపు పెంచుట ఆ మందు పని కాదనియు, ఉన్నదానిని నిలుపుటయే దాని పనియనియు ఎంత చెప్పినను ఆమెకు నమ్మిక కలుగలేదు. కడపటి సంవత్సరములలో ఖురాన్ తాము చదువలేక, మనుమరాలు చదువగా వినెడివారు. నాటినుండి, ఈ వ్యాధినే నమ్ముకొని వైద్య కళాశాలలలో జీవితము గడపిన ఆచార్యులను గూర్చి దొరికినదెల్ల చదువుచున్నాము.

వారిలో ఒకరు మనకు దగ్గరివారే. తెలుగు జిల్లాలు మద్రాసు రాజధానిలో నున్న దినములలో, 1819లో నెలకొన్న మద్రాసు ప్రభుత్వ నేత్రవైద్యశాలకు రాబర్ట్ హెన్రీ ఇలియట్ అధిపతిగా నుండెను. నల్లగ్రుడ్డు, తెల్లగ్రుడ్డు కలియు అంచున చిన్న రంధ్రము చేసి ద్రవమునకు క్రొత్త దారి కల్పించు శస్త్రచికిత్సను ఆయన 1909లో ప్రారంభించి, 1913లో దానిపై గ్రంథము వెలువరించినారు. (ఇంగ్లండునకు మరలిన పిమ్మట మన తాడు గారడీ వట్టి కట్టుకథయని వాదించినది కూడ ఈయనయే, అది వేరు ముచ్చట.) ఆ పద్ధతి దేశదేశములకు ప్రాకినది. రంధ్రముపై మిగులు పలుచని పొర గుండ ఏండ్ల తరువాత సైతము కంటికి చీము పట్టు ప్రమాదము దాని లోపము. 1968లో కేంబ్రిడ్జికి చెందిన కెయిర్న్స్ ప్రకటించిన ట్రాబెక్యులెక్టమీ క్రమముగా దాని చోటు నాక్రమించినది.

మమ్ము మిక్కిలి ఆలోచింపజేసినది, అమెరికాలో సెయింట్ లూయిస్ నగరమందలి వాషింగ్టన్ విశ్వవిద్యాలయాచార్యులు మైకేల్ కాస్ నడపిన పరిశీలన. 1994లో ఆరంభమైన ఆ పరిశీలనకు, కంటి ఒత్తిడి హెచ్చుగా నున్నను నాడి ఇంకను చెడని 1,636 మందిని చేర్చుకొన్నారు. సగముమందికి చుక్కలమందు, తక్కినవారికి కేవలము పరీక్షలు. 2002లో ఫలితము వెలువడినది. అయిదేండ్లలో మందు లేనివారిలో 9.5 శాతమునకు, మందు వాడినవారిలో 4.4 శాతమునకు వ్యాధి వచ్చినది. నూరుగురిలో అయిదుగురు తప్పించుకొన్నారన్నమాట. ఆ అయిదుగురెవరో వారికిని తెలియదు, వైద్యునికిని తెలియదు. శుక్లము తీసిన వైద్యునికి మరునాడే దుఆలు దక్కును. ఈయనకు దక్కునది పట్టికలోని ఒక అంకె. అయినను కాస్ బృందము ఆ మనుష్యులను విడువక, ఇరువదేండ్ల ఫలితమును 2021లో ప్రకటించినది. సొంత ప్రాక్టీసులో ఇది సాగునా? రికార్డులు భద్రపరచువారు, శిష్యులు, ఆ శిష్యుల శిష్యులు ఉన్నచోటనే సాగును.

మా పూర్వ విద్యార్థి యొకడు కంటివైద్యమున ఎం.ఎస్. ముగించి, గ్లాకోమా శిక్షణకు పోయి బోధనాసుపత్రిలోనే ఉందునన్నాడు. తండ్రి మా ఇంటికి వచ్చి, "సార్, శుక్లాల ఆపరేషన్లు చేసుకుంటూ ఊళ్లో బోర్డు పెట్టుకోమని మీరైనా చెప్పండి. ఇంకా ఇద్దరాడపిల్లల పెళ్ళిళ్ళున్నాయి" అన్నారు. న్యాయమైన మాటయే. జీతము తక్కువయనియు, పేరు వచ్చుసరికి తల నెరయుననియు దాచక చెప్పితిమి. 1990ల చివర హైదరాబాదున జరిగిన సర్వేలో, మెల్లగా సాగు రకపు గ్లాకోమా గలవారిలో పదింట తొమ్మిదిమందికి పైగా తమకు ఆ వ్యాధి ఉన్నట్లే ఎరుగరని తేలిన సంగతియు చెప్పితిమి. ఆయన చాలసేపు మౌనముగా నుండి, "సరే, రెండేళ్లు చూద్దాం" అని లేచినారు.

కుర్రవాడు ఈ యేడు శిక్షణలో చేరినాడు. కమిటీవారు అంగీకరించినచో, వచ్చే వార్షికోత్సవమునాడు నలుబదేండ్లు దాటిన తల్లిదండ్రులకు, సిబ్బందికి కంటి ఒత్తిడియు నాడియు పరీక్షించుటకు తన ఆచార్యులను వెంటబెట్టుకొని వత్తునని వ్రాసినాడు. ఆ ఉత్తరము ప్రిన్సిపాలుగారి బల్లపై నున్నది.